చదవకుండా వదిలేసిన వార్త

ఇంటర్వ్యూ రోజు పొద్దున మామగారు పేపరు చదివిన తీరులో వంక పెట్టడానికేమీ లేదు. ఎక్కడా తడబడలేదు, దగ్గలేదు, ఒక్క మంత్రినీ తిట్టలేదు. కోడలికి అనుమానం వచ్చింది అక్కడే.

ఆయన రేడియోలో వార్తలు చదివి రిటైరైన మనిషి. వీధిలో అందరూ రేడియో గారనే పిలుస్తారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వరదలొచ్చినా, ప్రభుత్వాలు పడిపోయినా ఒకే గొంతుతో చదివాడు. నోరు కట్టేసుకున్న ఆ ఏళ్ళన్నిటికీ కసి ఇప్పుడు కోడలి ముందు తీర్చుకునేవాడు. ధరల మీద ప్రకటన వస్తే "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట" అనేవాడు. కమిటీ వేశారని వస్తే "పాత కమిటీ ఎక్కడుందో వెతకడానికి ఇంకో కమిటీ" అనేవాడు. రెండు వార్తలకొక విసురు విసరకపోతే ఆయనకు కాఫీ దిగేది కాదు.

కోడలికి చూపు లేదు. కాలేజీ రోజుల్లో పట్టుకున్న కంటి జబ్బు చూపంతా తినేసి, వెలుతురుకీ చీకటికీ తేడా తెలిసేంత మాత్రం మిగిల్చింది. బ్యాంకులో ఖాతాదారుల ఫోన్లకు జవాబు చెప్పే ఉద్యోగం చేస్తూ సివిల్ సర్వీసు పరీక్షకు చదవడం మొదలుపెట్టింది. పుస్తకాలను కంప్యూటరు చదివి వినిపించేది. చిక్కంతా రోజువారీ వార్తలతో వచ్చింది. సరిహద్దు ఒప్పందమూ సబ్బు ప్రకటనా ఫోనుకి ఒకటే, వరసపెట్టి చదువుకుపోయేది. ఏది పేజీ నెత్తిన ఉంది, ఏది మూలన పడి ఉంది, ఏది వారం రోజులుగా నానుతోంది అన్నది దానికి పట్టదు. ఒకరోజు ఆమె విసుక్కోవడం విని మామగారు, నా పని అదే కదమ్మా, ఇలా ఇవ్వు అని పేపరు తెరుచుకుని కూర్చున్నాడు. అత్తగారు పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. పొద్దుటిపూట ఏం చేయాలో తోచక ఆయన ఇంట్లో కుర్చీలు అటూ ఇటూ జరుపుతూ ఉండేవాడు.

అలా మొదలైంది. ముందు అన్ని పేజీల శీర్షికలూ చదివేవాడు. ఏది కావాలో ఆమె చెప్పేది. అది పూర్తిగా విన్నాక తన మాటల్లో తిరిగి చెప్పేది: ఇవాళే ఎందుకు వార్త అయింది, వెనక కథేమిటి, ఏ చట్టం కిందికి వస్తుంది, కాదనేవాళ్ళు ఏమంటున్నారు. సంపాదకీయమైతే ఇద్దరూ చెరో పక్షం పట్టి వాదించుకునేవాళ్ళు. సాయంత్రం ఆమె బ్యాంకు నుంచి రాగానే పొద్దుటి వార్తల్లోంచి ప్రశ్నలు వేసేవాడు. జవాబు తప్పయితే తప్పని చెప్పేవాడు కాదు, గొంతు సవరించుకునేవాడు. మొదటిసారి ఆమె తొలి వడపోత పరీక్షలో, గడప దగ్గరే బోర్లా పడింది. రెండోసారి రాత పరీక్షలో తప్పింది. మూడోసారి ఇంటర్వ్యూ దాకా వచ్చింది.

ఆమె భర్త రోడ్లూ వంతెనల శాఖలో ఇంజనీరు. నది ఒడ్డున ఒక పట్నంలో పని. సెలవు రోజుల్లో ఇంటికి వచ్చేవాడు. చిన్నప్పుడు నాకు కథ కూడా చెప్పని మనిషి నీకు రాజ్యాంగం చెబుతున్నాడు అని తండ్రిని ఆటపట్టించేవాడు. తను కట్టించిన వంతెన ఆ ఏడాది మొదట్లో ప్రారంభమైనప్పుడు, దాని మీద నిలబడి ఆమెకు ఫోన్ చేసి గాలి చప్పుడు వినిపించాడు.

ఇంటర్వ్యూకి మామాకోడళ్ళు ముందురోజే నగరం చేరి లాడ్జిలో దిగారు. పిలుపు మధ్యాహ్నానికి. పొద్దున్నే మామగారు కిందికి వెళ్ళి పేపరు తెచ్చి మంచం మీద కూర్చుని చదివాడు. మొదటి పేజీలో పొరుగు దేశంతో వ్యాపార ఒప్పందం, కరవు సాయం మీద కోర్టు మాట. తర్వాత పేజీ తిరిగిన చప్పుడు. ఒప్పందం మీద ఆయన ఒక్క మాట అనలేదు. కరవు సాయం దగ్గరైతే అలవాటుగా ఆమే ఆగింది, ఆయన ఏదో అంటాడని. ఏమీ అనకుండా ముందుకు పోయాడు.

"మొదటి పేజీలో ఇంకేం లేవా మామయ్యా?"

"అంతే. ఇవాళ పేపరు చప్పగా ఉంది."

బల్ల మీద తడిమితే ఫోను దొరకలేదు. అడిగితే కింద కౌంటర్లో ఛార్జింగ్ పెట్టించానన్నాడు. గదిలో ప్లగ్గు పని చేయడం లేదట. రాత్రి ఆమె అదే ప్లగ్గుకి పెట్టుకుంది.

ఆయన స్నానానికి వెళ్ళి నీళ్ళ చప్పుడు మొదలవగానే ఆమె కర్ర తీసుకుని బయటికి వచ్చింది. గోడ పట్టుకుని మెట్లు దిగింది. లాడ్జి గుమ్మం పక్కనే పేపర్లమ్మే ఆవిడ ఉంటుందని నిన్న వచ్చేటప్పుడు కాగితాల వాసనని బట్టీ, చిల్లర అడుగుతున్న గొంతుని బట్టీ తెలుసుకుంది. మొదటి పేజీలో అన్నిటికన్నా పెద్ద అక్షరాల వార్త చదివి పెట్టమని అడిగింది.

మీ పెద్దాయన పొద్దున్నే తీసుకెళ్ళాడు కదా అంది ఆవిడ. ఆయన కళ్ళజోడు కనబడటం లేదని కోడలు అబద్ధం చెప్పింది.

ఆవిడ కూడబలుక్కుంటూ చదివింది. కొత్త వంతెన కూలి నలుగురి మృతి. నిన్న మధ్యాహ్నం వంతెన మధ్య భాగం విరిగి నదిలో పడింది. ఒక లారీ, రెండు బైకులు నీళ్ళలోకి పోయాయి. ప్రారంభించి ఏడాదైనా కాలేదు. పనులు చూసిన ఇంజనీరుని వెంటనే సస్పెండ్ చేశారు. ఆ తర్వాత ఇంజనీరు పేరు చదివింది.

కోడలు కర్రని రెండు చేతులతో పట్టుకుంది. "ఆ పేరు మళ్ళీ చదవండి."

ఆవిడ మళ్ళీ చదివి, తెలిసినవాళ్ళా అని అడిగింది.

"మా ఆయన."

పేపర్ల ఆవిడ లేచింది. స్టూలు జరిపి ఆమె మోకాలికి తగిలేలా పెట్టింది. కోడలు కూర్చోలేదు. లోపలికి వెళ్ళి కౌంటర్లో తన ఫోను అడిగి తీసుకుంది. అది నిండుగా ఛార్జింగుతో, ఆపేసి ఉంది.

గదిలోకి వచ్చేసరికి మామగారు తల తుడుచుకుంటూ కంగారుగా నిలబడి ఉన్నాడు. ఎక్కడికి వెళ్ళావన్నాడు. ఎవరు దాచమన్నారని అడిగింది. తువ్వాలు భుజం మీద వేసుకుని ఆయన మంచం మీద కూలబడ్డాడు. రాత్రి ఆమె పడుకున్నాక కొడుకు ఫోన్ చేశాడట. ఇంటర్వ్యూ అయ్యేదాకా తనకి తెలియనివ్వొద్దని బతిమాలాడట.

"ఒక్క పూట అమ్మాయ్. సాయంత్రం నేనే చెప్పేవాణ్ణి."

"బోర్డువాళ్ళు అదే అడిగితే?"

"తెలియదంటావు. తెలియకపోవడం తప్పు కాదుగా."

"మొగుడి వంతెన కూలితే పెళ్ళానికి తెలియదంటే ఎవరు నమ్ముతారు? నమ్మినా, నేనేం అధికారిని అవుతాను?" ఆమె గొంతు పెంచలేదు. "మీరు చదివిందే లోకం అనుకున్నాను మామయ్యా ఇన్నాళ్ళూ. ఇంకా ఎన్ని వదిలేశారు?"

ఆయన భుజం మీది తువ్వాలు తీసి మడత పెట్టాడు. తర్వాత, ఒక్కటి అన్నాడు. ఆమె జబ్బుకి కనిపెట్టిన మందు పని చేయలేదన్న వార్త, కిందటేడు.

"అది నాకు ఆ రోజే తెలుసు," అంది కోడలు. "ఫోనులో విన్నాను. మీరు బాధపడతారని నేనూ ఊరుకున్నాను."

ఆమె వరండాలోకి వెళ్ళి భర్తకు ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తాడు. ఆమె గొంతు వినగానే, తెలిసిపోయిందా అన్నాడు. దెబ్బలేమైనా తగిలాయా, తిన్నావా అని ఆమె అడిగింది. కూలినప్పుడు తను ఆఫీసులో ఉన్నానన్నాడు. తినడం సంగతి ఎత్తలేదు. ఇంటర్వ్యూలో అడిగితే విచారణ నడుస్తోంది, ఏమీ చెప్పలేను అని ఒక్క ముక్క చెప్పి ఊరుకొమ్మన్నాడు.

"వంతెన వాడుకకి పనికొస్తుందని సంతకం పెట్టింది నువ్వేనా?"

"ఇప్పుడెందుకది. ముందు నీ పని చూసుకో."

"పెట్టావా లేదా?"

అవతల ఎవరివో అడుగుల చప్పుడు దగ్గరికొచ్చి దూరమైంది. అవి పూర్తిగా పోయేదాకా ఆగి, పెట్టానన్నాడు.

తర్వాత మాటలు ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. వంతెన తెరిచే ముందు బరువు పరీక్ష చేయాలి. నిండు లారీలను మధ్య భాగం మీద ఒక రోజంతా నిలబెట్టి, ఎంత వంగిందో కొలవాలి. అది జరగలేదు. ప్రారంభానికి తేదీ ఖాయమైపోయింది, ఇప్పుడు సంతకం పెట్టు, పరీక్ష వచ్చే వారం చేసుకుందువుగాని అని పై అధికారి ఫోన్లో చెప్పాడు. వచ్చే వారం రాలేదు. లారీలు వచ్చాయి. అందరూ ఇలాగే చేస్తారని అన్నాడు, నేనొక్కణ్ణే కాదన్నాడు. చనిపోయింది ఎవరని ఆమె అడిగింది. లారీ డ్రైవరు, పాలమ్ముకునే ఆయన, ఒకే బైకు మీద వెళ్తున్న భార్యాభర్తలు. ఒక్కొక్కరి పేరూ చెప్పాడు. రాత్రి వాళ్ళను బయటికి తీసినంతసేపూ ఒడ్డునే ఉన్నానన్నాడు.

ఆమె ఫోను పెట్టేసి స్నానం చేసింది, ఇస్త్రీ చీర కట్టుకుంది. మామగారు కుచ్చిళ్ళ అంచు నేలకి సమంగా ఉందని మాత్రం చెప్పాడు. ఆటోలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని వెళ్ళారు. బయలుదేరే ముందు ఆఖరి ప్రశ్నలు అడగాలని ఆయన నిన్నంతా సిద్ధం చేసుకున్నాడు. ఒక్కటీ అడగలేదు. గేటు దగ్గర ఆమె మోచెయ్యి వదిలి, మెట్లు ఎడమవైపు అని చెప్పి ఆగిపోయాడు.

ఆమె నిరీక్షణ గదిలో కూర్చుంది. చుట్టూ తోటి అభ్యర్థులు గుసగుసగా ఇవాళ్టి వార్తలే వల్లెవేసుకుంటున్నారు. వంతెన తప్పకుండా అడుగుతారని ఒకడు, నాణ్యతా నియంత్రణ మీద కిందటి కమిటీ ఏం చెప్పిందో చూసుకో అని ఇంకొకడు. చనిపోయింది నలుగురా ఐదుగురా అని ఎవరో సందేహపడ్డారు. నలుగురని ఆమె నోటి దాకా వచ్చింది. భర్త నేర్పిన ఒక్క ముక్కనీ మనసులో అనుకుని చూసింది. అందులో అబద్ధం లేదు. అయినా అది నోట్లో రాయిలా ఉంది.

లోపల ఐదుగురు ఉన్నారు. అధ్యక్షురాలిది నెమ్మదైన గొంతు. ఆవిడ బ్యాంకు ఉద్యోగం గురించి, చూపు లేకుండా ఫైళ్ళు ఎలా చూస్తారన్నదాని గురించి అడిగింది. కోడలికి అవి కొట్టిన పిండి. కుడి చివర కూర్చున్న సభ్యుడు కలం మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. ఆ చప్పుడు ఆగింది.

"ఇవాళ పేపరు చూశారా?" అని, అన్నాక నాలుక కరుచుకుని, "అంటే, విన్నారా?" అన్నాడు.

"విన్నాను."

"మొదటి పేజీలో ముఖ్యమైన వార్త ఏమిటి?"

వ్యాపార ఒప్పందం ఆమె నాలుక చివర సిద్ధంగా ఉంది. రెండు పక్షాల వాదనలూ, లెక్కలూ అన్నీ వచ్చు. దాని గురించి మొదలుపెడితే ఈ గది దాటి వెళ్ళిపోవచ్చు.

"కొత్త వంతెన కూలి నలుగురు చనిపోయారు. ముందొక మాట చెప్పాలి. సస్పెండైన ఇంజనీరు నా భర్త."

అధ్యక్షురాలు, ఈ ప్రశ్న వదిలేద్దాం, మీరు ఇబ్బంది పడనక్కర్లేదు అంది. నిజంగా మంచితనంతోనే అంది.

"మీరు వదిలేస్తే సంతోషమే మేడం. అడగదలుచుకుంటే మాత్రం జవాబు చెప్తాను. అక్కడ ఏం జరిగిందన్నది చెప్పను. నేను విన్నది ఒక వైపు మాటే."

కలం మూత మళ్ళీ టక్కుమంది. వంతెన సంగతి వద్దులెండి అన్నాడు ఆ సభ్యుడు. మీరొక జిల్లా అధికారి అనుకోండి. మీ కింద ఒకడు ప్రమాదానికి కారణమైన కాగితం మీద సంతకం పెట్టాడు. పైవాళ్ళు ఒత్తిడి చేశారంటున్నాడు. ఏం చేస్తారు?

అతను ఊహించి అడిగాడో, ఊరికే అడిగాడో ఆమెకి తెలియలేదు. పొద్దుటి ఫోనులో అడుగుల చప్పుడు మళ్ళీ చెవిలో వినపడింది.

"ముందు సస్పెండ్ చేస్తాను," అంది. "ఒత్తిడితో పెట్టినా సంతకం సంతకమే. దాన్ని నమ్ముకుని జనం వంతెన ఎక్కారు. కానీ అతనితో ఆపను. ఒత్తిడి చేసిందెవరో అదే రోజు అతని చేత చెప్పించి రాయించుకుంటాను. ఆలస్యమైతే అందరూ కూడబలుక్కుని ఒక్క మాట మీదికి వస్తారు. ఆ ఒక్క మాటకి చిన్న ఉద్యోగి బలవుతాడు, సంతకం పెట్టమన్నవాడు తప్పుకుంటాడు. వాళ్ళిద్దరి సంగతీ తేలేదాకా అదే శాఖ కట్టిన మిగతా వంతెనల మీద బరువు బండ్లు ఆపేస్తాను."

"ఇంట్లో కూడా ఇదే మాట అనగలరా?"

"ఇంట్లో అడగాల్సింది పొద్దున్నే అడిగానండి. చెప్పాల్సింది ఇంకా చెప్పలేదు."

అతను కలం మూత పెట్టేశాడు. తర్వాత ఎవరో సాహిత్యం గురించీ, ఎవరో నీటి పంపకాల గురించీ అడిగారు. ఏం చెప్పిందో ఆమెకి సరిగా గుర్తు లేదు.

మామగారు గేటు దగ్గర వదిలిన చోటే నిలబడి ఉన్నాడు. ఏమైనా తిన్నారా అని ఆమె అడిగితే లేదన్నాడు. ముందు ఆయన చేత తినిపించింది. బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాక, పేపరు ఉందా అని అడిగింది. ఉందన్నాడు.

"మొత్తం చదవండి మామయ్యా. ఏదీ వదలొద్దు."

ఆయన చదివాడు. ఎన్నో ఏళ్ళు వేలమంది విన్న గొంతు అది. కొడుకు పేరు దగ్గర ఆగిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ వాక్యం మొదటి నుంచి చదివి, పేరు పలికి, చివరి దాకా వెళ్ళాడు. తప్పు చేశానమ్మా, నీ పేపర్ని నేను దిద్దకూడదు అన్నాడు. ఆమె ఆయన మోచేతి మీద చెయ్యి వేసి బస్సు వచ్చేదాకా తీయలేదు.

ఇంటికి చేరేసరికి భర్త పట్నం నుంచి వచ్చేసి వంటింట్లో ఉన్నాడు. ఉల్లిపాయలు తరుగుతున్న చప్పుడు వినిపించింది. అతను ఇంటర్వ్యూ గురించి అడిగాడు. ఆమె పీట లాక్కుని కూర్చుని, ప్రశ్న ప్రశ్నగా, తన జవాబులు కూడా మాట పొల్లు పోకుండా చెప్పింది. కత్తి ఆగింది.

"నన్ను సస్పెండ్ చేస్తానన్నావా?"

"ముందు."

"తర్వాత?"

"నీకు ఫోన్ చేసిందెవరో చెప్పమంటాను."

అతను నవ్వబోయాడు, రాలేదు. చెబితే జీవితాంతం శాఖలో తలెత్తుకోనివ్వరన్నాడు. రుజువేముంది, ఫోను మాటే కదా, ఎవరు నమ్ముతారన్నాడు. నువ్వు అటుపక్క కూర్చుని తీర్పు చెప్పావు, ఇటుపక్క నుంచి చూడు అన్నాడు. ఆమె అన్నీ విన్నది.

"నమ్మడం వాళ్ళ పని. చెప్పడం నీ పని. నేను నీ పక్కనే ఉంటాను. కానీ అబద్ధానికి మాత్రం ఉండను."

ఆ పూట ఎవరూ సరిగా తినలేదు. రెండు రోజులు అతను ఆమెతో ముక్తసరిగా మాట్లాడాడు. మూడో రోజు విచారణ అధికారి ఎదుట తన సంతకం గురించి ముందు చెప్పి, ఫోను గురించి తర్వాత చెప్పాడు. పై అధికారి అదంతా కట్టుకథ అన్నాడు. కొన్ని వారాల పాటు చుట్టాలంతా పెళ్ళాం మాట విని కొంప ముంచుకున్నాడనే అన్నారు. ఆ తర్వాత ఇంకో పట్నంలో ఇంజనీరు ఒకడు, నాకూ అలాంటి ఫోనే వచ్చింది, నేనూ పెట్టాను అని ముందుకొచ్చాడు. అక్కడి వంతెన మీద రాకపోకలు ఆపేశారు. పరీక్షిస్తే అది ఉండాల్సినదానికన్నా ఎక్కువ వంగింది. పై అధికారి ఉద్యోగం పోయింది. ఆమె భర్త ఉద్యోగం పోలేదు గాని, హోదా తగ్గింది. కేసు ఇంకా నడుస్తోంది. శిక్ష పడితే పడనీ అంటాడు.

ఇంటర్వ్యూ ఫలితాల్లో ఆమె పేరు ఉంది. మొదట కోరుకున్న సర్వీసు రాలేదు, మూడోదిగా కోరుకున్నది వచ్చింది. సంతోషంగా చేరడానికి ఒప్పుకుంది.

శిక్షణకు బయలుదేరే ముందు భార్యాభర్తలిద్దరూ లారీ డ్రైవరు ఇంటికి వెళ్ళారు. వెళ్దామన్నది అతనే. వస్తావా అని ఆమెను అడగడానికి రెండు రోజులు పట్టింది. ఇరుకు సందు, చివరి ఇల్లు. తలుపు తీసింది డ్రైవరు భార్య. అతను తన పేరు చెప్పాడు.

"సంతకం పెట్టింది నువ్వేనా?" అని అడిగింది.

"నేనే."

ఆవిడ తలుపు వేయలేదు. లోపలికి రమ్మనీ అనలేదు. లోపల కుక్కరు కూత వేసింది, ఎవరో కట్టేశారు. చాలాసేపటికి ఆవిడ లోపలి నుంచి కుర్చీ ఒకటి తెచ్చి గుమ్మం బయట వేసింది. అతను భార్య చెయ్యి పట్టుకుని కుర్చీ చేతి మీద పెట్టి కూర్చోబెట్టాడు. తను నిలబడే, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.